నలభై ఏళ్ళకు నేర్చిన అతుకు

సోలాపూరు పూర్వభాగంలో పెరిగిన తెలుగు పిల్లలకు మరమగ్గాల చప్పుడు కొత్తది కాదు. తెలంగాణ పల్లెల నుండి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ మొదట చేతిమగ్గాలు వేశాయి. తరువాత మరమగ్గాలకు మళ్ళాయి. సోలాపూరు చద్దరు, తువ్వాలు దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి. కాని పేరు తెచ్చిన మగ్గం ఇప్పుడు అందరికీ కూడు పెట్టలేకపోతున్నది. నాడె లేకుండా నడిచే కొత్తరకం మగ్గాలు వచ్చాయి. వాటి దగ్గర ఒక్క మనిషి ఎక్కువ మగ్గాలను చూసుకోగలడు. నూలు ధర పెరిగినా, సరుకుకు గిరాకీ తగ్గినా మొదట తలుపు మూసేది పాత మగ్గాలున్న షెడ్డే. ఇరవై ఏళ్ళు ఆ షెడ్డులో నిలబడి పని చేసిన మనిషి ఆ రోజున ఎక్కడికి పోవాలి?

కొందరు కాపలాదారులు అవుతారు. కొందరు ఆటో నడుపుతారు. కొద్దిమంది మాత్రం పక్క సందులో నీలి వెలుగు చిమ్మే షెడ్డు గుమ్మంలో నిలబడి, "పని నేర్పుతారా?" అని అడుగుతారు. ఈ పాఠం ఆ కొద్దిమందిని గురించినది.

అటువంటి ఒక మనిషిని ఊహించండి. వయస్సు నలభై. చదువు ఎనిమిదవ తరగతి. భార్య ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. ఇద్దరు పిల్లలు బడిలో ఉన్నారు. అతడు నేత పనిలో ఎవరికీ తీసిపోడు. పోగు తెగితే చప్పుడు మారిన క్షణంలోనే పట్టుకుంటాడు. అటువంటివాడు మళ్ళీ మొదటి మెట్టు మీద కూర్చోవాలి. ఇది తేలిక కాదు. పదహారేళ్ళ కుర్రవాడు పని నేర్చుకుంటూ తప్పు చేస్తే అందరూ నవ్వి ఊరుకుంటారు. నలభై ఏళ్ళవాడు తప్పు చేస్తే ఎవరూ నవ్వరు. ఆ నవ్వకపోవడమే ఎక్కువ బాధ పెడుతుంది.

మన దేశంలో చేతిపనుల శిక్షణ కోసం 1950లో ప్రభుత్వ పథకం ఒకటి మొదలయింది. పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే మనం ఐ.టి.ఐ. అని పిలిచే బడులు, ఆ పథకం కింద నడిచేవే. వాటిలో వెల్డరు శిక్షణకు ఒక సంవత్సరం పడుతుంది. ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణులైతే చేరవచ్చు. 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. కర్మాగారంలో పని చేస్తూ, కొంత భత్యం పొందుతూ పని నేర్చుకొనే ఏర్పాటు అది. అప్రెంటిసుకు కనీసం 14 ఏళ్ళు, ప్రమాదకరమైన పరిశ్రమలలో అయితే 18 ఏళ్ళు నిండాలని చట్టం చెబుతుంది. ఇంత వయస్సు మించరాదని మాత్రం చెప్పదు. అయితే చాలా సంస్థలు తమ ప్రకటనలలో పై వయస్సు హద్దు పెట్టుకుంటాయి. అంటే నలభై ఏళ్ళవానికి చట్టంలో తలుపు తెరిచే ఉన్నా, కర్మాగారం గేటు దగ్గర మూసి ఉంటుంది. పైగా ఒక సంవత్సరం పాటు పగలంతా బడిలో కూర్చుంటే ఇల్లు గడవదు. అందుచేత ఇటువంటివారిలో చాలామంది ఊరిలోని చిన్న షెడ్డులోనే, మేస్త్రీ చేతికింద నేర్చుకుంటారు. కిటికీ గ్రిల్లులు, షట్టర్లు, నీటి తొట్ల స్టాండ్లు, ఎడ్లబండ్ల ఇరుసులు, ట్రాక్టరు ట్రాలీలు - ఇవే అక్కడి పాఠ్యపుస్తకాలు.

ఆ షెడ్డులో మేస్త్రీని "ఉస్తాద్" అంటారు. మన నేత కార్మికునికి దొరికిన ఉస్తాదుకు ఇరవై ఆరేళ్ళు. అతడిదీ సాలెల ఇల్లే. వయస్సులో చిన్నవాడిని "ఉస్తాద్" అని పిలవడానికి పెద్దవాడికి రెండు రోజులు నోరు రాలేదు. చిన్నవాడికీ ఇబ్బందే. చివరకు ఇద్దరి మధ్య ఒక ఒడంబడిక దానంతటదే కుదిరింది. ఇతడు "ఉస్తాద్" అన్నాడు. అతడు "అన్నా" అన్నాడు. ఆ పిలుపులతో ఎవరి మర్యాద వారికి దక్కింది.

ఇక పని మాటకు వద్దాం. వెల్డింగు అంటే ఏమిటి? రెండు లోహపు ముక్కల అంచులను కరిగించి, ఆ కరిగిన లోహాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గడ్డకట్టేటట్లు చేయడం. టంకం వేయడం వేరు. టంకంలో అతికే వస్తువులు కరగవు. వాటి మధ్య పోసిన, తేలికగా కరిగే లోహం మాత్రమే కరిగి జిగురులాగా పట్టి ఉంచుతుంది. వెల్డింగులో జిగురు లేదు. రెండూ ఒకటవుతాయి. నేతపని తెలిసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. మగ్గం మీద పాత అచ్చు అయిపోవచ్చినప్పుడు కొత్త అచ్చు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా కలుపుతారు. దానిని అచ్చు అతకడం అంటారు. వందల పోగులలో ఒక్కటి సరిగా అతకకపోయినా బట్ట పొడవునా ఆ లోపం కనిపిస్తుంది. ఇనుములో లోపం అంత సులభంగా కనిపించదు. అదే చిక్కు.

ఇనుమును అతకడం మన దేశానికి కొత్త విద్య కాదు. ఢిల్లీ దగ్గర మెహ్రౌలీలో ఉన్న ఇనుప స్తంభం సుమారు 7 మీటర్ల పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు గలది. గుప్తుల కాలంలో, అంటే సుమారు 1,600 ఏళ్ళ కిందట, ఇనుప ముద్దలను కొలిమిలో కాల్చి, సమ్మెట దెబ్బలతో ఒకదానికొకటి అతికి దానిని తయారు చేశారు. పల్లెలో కమ్మరి బండి కమ్మీని గుండ్రంగా వంచి కొసలు కలపడం కూడా ఈ విద్యే. విద్యుత్తుతో అతకడం మాత్రం పందొమ్మిదో శతాబ్ది చివరలో వచ్చింది. రష్యాలో బెనార్డోస్ అనే శాస్త్రజ్ఞుడు 1880ల తొలి సంవత్సరాలలో బొగ్గు కడ్డీకీ లోహానికీ మధ్య విద్యుత్తు జ్వాలను పుట్టించి ఇనుమును కరిగించాడు. అదే దేశానికి చెందిన స్లావ్యానోవ్ 1888లో బొగ్గు కడ్డీకి బదులు ఇనుప కడ్డీనే వాడాడు. కడ్డీ తానే కరిగి అతుకులో నిండింది. ఇరవయ్యో శతాబ్ది మొదటి సంవత్సరాలలో స్వీడను దేశస్థుడు ఆస్కార్ షెల్‌బెర్గ్ ఆ కడ్డీ మీద పూత పూయవచ్చునని కనిపెట్టాడు. ఈనాడు మన సందులో షెడ్డులో వాడే రాడ్డు ఆ పూత రాడ్డుకు వారసుడే.

ఆ పూత ఎందుకు? కరిగిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను, నత్రజనిని పీల్చుకుంటుంది. చల్లారిన తరువాత అతుకు బుడగలు పట్టి పెళుసుబారుతుంది. పూత మండినప్పుడు వెలువడే వాయువు గాలిని దూరంగా నెడుతుంది. మిగిలిన పూత కరిగి, అన్నం మీద గంజి తెట్టులాగా అతుకు మీద పేరుకుంటుంది. దానిని స్లాగు అంటారు. చల్లారిన తరువాత చిన్న సుత్తితో కొట్టి దానిని రాలగొట్టాలి. రాలగొట్టకుండా దాని మీదనే మరొక వరుస వేస్తే ఆ మడ్డి లోపల ఉండిపోతుంది. పైకి చూస్తే అతుకు నిగనిగలాడుతూనే ఉంటుంది.

మొదటి నెలలో మన నేత కార్మికుని చేతికి ఎవరూ హోల్డరు ఇవ్వలేదు. స్లాగు కొట్టడం, వైరుబ్రష్‌తో తోమడం, గ్రైండరుతో అంచులు ఏటవాలుగా తీయడం, ముక్కలు కొలిచి కోయడం - ఇంతే పని. పనిని అవమానంగా తీసుకొనేవాడు ఈ నెలలోనే మానేసి వెళ్ళిపోతాడు. నిజానికి అతుకు నాణ్యతలో సగం ఈ పనులలోనే ఉంది. తుప్పు, రంగు, నూనె, తేమ ఉన్న ఇనుము మీద ఎంత మంచి చెయ్యి అయినా మంచి అతుకు వేయలేదు. నూలుకు గంజి సరిగా పట్టకపోతే నేతగాడు ఏమి చేయగలడు? మగ్గం దగ్గర ఇరవై ఏళ్ళు ఉన్నవానికి ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు. కుర్రవాళ్ళ కంటే అతడు ముందున్న చోటు ఇదొక్కటే అయినా, చిన్న చోటు మాత్రం కాదు.

గ్యాసు కటింగు కూడా ఆ నెలలోనే చూశాడు. ఆక్సిజన్ సిలిండరుకు నల్లరంగు, అసిటిలీన్ సిలిండరుకు ముదురు ఎరుపు రంగు ఉంటాయి. ఒకదాని బిగింపు మరొకదానికి పట్టకుండా అసిటిలీన్ మరను ఎడమవైపుకు తిప్పేటట్లు చేస్తారు. ఆక్సిజన్ బిగింపులకు నూనె గాని, గ్రీజు గాని తగలరాదు. తగిలితే దానంతటదే భగ్గున అంటుకోవచ్చు. మగ్గం దగ్గర బిగుసుకున్న ప్రతి మరకూ నూనె చుక్క వేసే అలవాటు ఉన్న మనిషి ఇది. ఒకనాడు అలవాటు చొప్పున నూనె డబ్బా అందుకోబోతే ఉస్తాదు చెయ్యి పట్టుకున్నాడు. పాత వృత్తి నేర్పిన మంచి అలవాటే కొత్త వృత్తిలో ప్రాణం తీయవచ్చు. నడివయస్సులో పని మారేవారు కొత్తవి నేర్చుకోవడంతో పాటు ఇటువంటివి కొన్ని మరచిపోవలసి ఉంటుంది. మరచిపోవడమే ఎక్కువ కష్టం.

రెండో నెలలో హోల్డరు చేతికి వచ్చింది. షెడ్డులో ఎక్కువగా వాడే రాడ్డు మీద 6013 అని అచ్చు వేసి ఉంటుంది. నేతగానికి నంబరు అంటే నూలు నంబరే గుర్తుకు వస్తుంది. నూలులో నంబరు పెరిగిన కొద్దీ పోగు సన్నబడుతుంది. ఇక్కడి లెక్క వేరు. మొదటి రెండు అంకెలు బలాన్ని చెబుతాయి. 60 అంటే అతుకు లోహం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడును తట్టుకోవాలి. తరువాతి 1 అన్ని స్థితులలోనూ, అంటే కింద పరచి, పక్కగా, నిలువుగా, తలపైన వాడవచ్చునని చెబుతుంది. చివరి అంకె పూత రకానికి గుర్తు. 7018 అనే రాడ్డు ఇంకా బలమైనది. కాని దానికి తేమ పనికిరాదు. తేమలోని హైడ్రోజన్ అతుకులోకి చేరితే, అతుకు చల్లారిన గంటల తరువాత పగులు పుట్టవచ్చు. అందుకే ఆ రాడ్డులను వాడే ముందు సుమారు 300 డిగ్రీల వేడిలో ఆరబెడతారు. వానాకాలంలో అప్పడాలను డబ్బాలో దాచినట్లు రాడ్డులను దాచే వెల్డరును చూస్తే నవ్వకూడదు.

3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు 90 నుండి 130 ఆంపియర్ల విద్యుత్తు కావాలి. మన ఇంటి ఫ్యాను అర ఆంపియరు కూడా తీసుకోదు. రాడ్డు కొసను అగ్గిపుల్ల గీసినట్లు ఇనుము మీద గీసి, వెంటనే కొద్దిగా పైకి ఎత్తాలి. ఆ సందులో పుట్టే జ్వాల వేడి ఐదారు వేల డిగ్రీలు ఉంటుంది. ఉక్కు సుమారు 1,500 డిగ్రీలకే కరుగుతుంది. రాడ్డుకూ ఇనుముకూ మధ్య దూరం రాడ్డు మందం ఎంతో దాదాపు అంతే ఉండాలి. తగ్గితే రాడ్డు అంటుకుపోతుంది. పెరిగితే నిప్పురవ్వలు చిట్లి, అతుకు బుడగలు పడుతుంది. పైగా రాడ్డు క్షణక్షణానికీ కరిగి పొట్టి అవుతుంటుంది. కాబట్టి చెయ్యి పక్కకు జరుగుతూనే కిందికి కూడా దిగుతుండాలి.

మొదటి వారమంతా రాడ్డు అంటుకుపోయింది. బలంగా లాగితే పూత రాలిపోయింది. ఉస్తాదు చూసి చూసి అన్నాడు: "అన్నా, ఇనుము పట్టినట్టు పట్టకు. కండె పట్టినట్టు పట్టు." కండెను గట్టిగా పట్టుకుంటే నూలు నలుగుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. ఆ మాటతో చెయ్యి కొంత కుదిరింది. మిగిలినది చెవి కుదిర్చింది. సరియైన దూరంలో ఉన్న జ్వాల కాగిన నూనెలో బజ్జీలు వేగుతున్నట్లు ఎడతెగకుండా చిటపటమంటుంది. దూరం పెరిగితే ఆ చప్పుడు మారుతుంది. చప్పుడు మారితే తలెత్తి చూడడం అతనికి ఇరవై ఏళ్ళ అలవాటు.

కన్ను మాత్రం మొరాయించింది. నల్లటి అద్దం వెనుక నుండి చూసినప్పుడు జ్వాల కాదు చూడవలసినది. దాని వెనుక ముత్యమంత మెరిసే కరిగిన లోహపు మడుగును చూడాలి. ఆ మడుగు అంచులు రెండు ముక్కలనూ తడుపుతున్నాయా, దాని వెనుక స్లాగు ముందుకు పొర్లుతున్నదా అన్నది గమనించాలి. అతనికి అంతా మసకగా కనిపించింది. తనకు పని రాదని, వయస్సు మించిపోయిందని రెండు వారాలు దిగులు పడ్డాడు. కారణం తెలివి తక్కువ కావడం కాదు. నలభై ఏళ్ళ ప్రాంతంలో కంటిలోని కటకం సాగే గుణం తగ్గి, దగ్గరి వస్తువులు స్పష్టంగా కనిపించవు. దీనిని చత్వారం అంటారు. చదివే కళ్ళద్దాలు పెట్టుకుంటే తీరిపోయే లోపం ఇది. వెల్డింగు అద్దం లోపలివైపు అమర్చుకొనే పెద్దది చేసి చూపే కటకాలు కూడా దొరుకుతాయి. చత్వారం అని తెలియక, చేతిలోనే లోపం ఉన్నదనుకొని మానేసినవారు ఉండకపోరు. అతడు బజారులో చదివే కళ్ళద్దాలు కొన్నాడు. మడుగు కనిపించింది.

కంటికి మరొక ఆపద ఉంది. జ్వాలలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. అద్దం లేకుండా చూస్తే అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటలు గడిచాక, చాలాసార్లు నడిరాత్రి, కళ్ళలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం మొదలవుతాయి. కళ్ళ మీద బంగాళదుంప ముక్కలు పెట్టుకోవడం, పాలచుక్కలు వేసుకోవడం షెడ్లలో అలవాటు. కంట్లో పాలు వేసుకోవడం మంచిది కాదు. చల్లని తడిగుడ్డ వేసుకొని, వైద్యునికి చూపించుకోవాలి. ఇంతకంటే సులభమైనది 10 గాని, 11 గాని నంబరు గల నల్లద్దం ముఖానికి అడ్డంగా పెట్టుకోవడం. వీధిలో వెల్డింగు జరుగుతుంటే నిలబడి చూసే పిల్లలు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బట్టల విషయం నేతవారికి ప్రత్యేకంగా తెలియాలి. టెర్లిన్ చొక్కా మీద నిప్పురవ్వ పడితే అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. మందపాటి నూలుబట్ట, తోలు చేతి తొడుగులు, కాళ్ళకు బూట్లు కావాలి. తడిసిన చేతి తొడుగులతో హోల్డరు పట్టరాదు. జింకు పూత ఉన్న రేకును వెల్డింగు చేస్తే తెల్లటి పొగ లేస్తుంది. అది పీల్చినవారికి ఆ సాయంత్రం చలిజ్వరం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగను మనుషులలో క్యాన్సరు కలిగించే వాటిలో చేర్చింది. మూసిన గదిలో గాక గాలి ఆడే చోట పని చేయడం, పొగ లేచే దారిలో ముఖం పెట్టకపోవడం డబ్బు ఖర్చు లేని జాగ్రత్తలు. అయినా చాలా షెడ్లలో వీటిని పాటించరు. పాటించమని అడగడానికి కొత్తగా చేరిన కుర్రవాడు జంకుతాడు. నలభై ఏళ్ళవాడు అడగగలడు. మన నేత కార్మికుడు అడిగి, షెడ్డు వెనుకవైపు రేకు ఒకటి తీయించాడు.

ఈ కాలమంతా ఇల్లు ఎలా గడిచింది? షెడ్డులో నేర్చుకొనేవానికి చేతిఖర్చుకు మించి రాదు. మగ్గం మీద వచ్చిన దానితో పోలిస్తే అది ఏ మూలకూ చాలదు. చేరే ముందు రాత్రి భార్యాభర్తలు లెక్క వేసుకున్నారు. బీడీ కూలి వేయికి ఇంత అని ఇస్తారు. ఆమె అంతకు ముందు కంటే పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట ఎక్కువ కూర్చోవాలి. "ఆర్నెల్లు నేను ఎట్లనో ఎల్లదీస్త. ఏడో నెల మాత్రం అడుగుత" అన్నది ఆమె. అన్నట్లే ఆరు నెలలు ఎల్లదీసింది. నారళీ పున్నమికి మార్కండేయ మహర్షి రథం ఊరేగినప్పుడు ఆ ఏడు ఇంట్లో ఎవరికీ కొత్తబట్టలు లేవు. నేత నేసేవారి ఇంట్లో కొత్తబట్ట లేని పండుగ అది. వృత్తి మార్చుకొన్నవారి పట్టుదలను అందరూ పొగుడుతారు. ఆ పట్టుదల ఖర్చును మరొకరు మోస్తున్న సంగతి చాలాసార్లు లెక్కలోకి రాదు.

పెద్దవయస్సులో ఈ పని నేర్చుకోవడం సాధ్యమేనా అన్న అనుమానానికి చరిత్రలో పెద్ద జవాబు ఒకటి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941 నుండి 1945 వరకు, అమెరికా 2,700కు పైగా 'లిబర్టీ' సరుకు ఓడలను కట్టింది. అంతకు ముందు ఓడ రేకులను మేకులతో బిగించేవారు. తొందరగా కట్టడం కోసం వీటిని వెల్డింగు చేశారు. యువకులు యుద్ధానికి వెళ్ళారు. పొలాల నుండి, దుకాణాల నుండి, వంటిళ్ళ నుండి వచ్చిన స్త్రీపురుషులు వేల సంఖ్యలో కొద్ది వారాలలోనే వెల్డింగు నేర్చుకొని ఆ ఓడలను అతికారు. అయితే కథ అంతటితో ఆగలేదు. 1943 జనవరిలో పోర్ట్‌లాండు రేవులో, అలలు లేని నీటిలో నిలిచి ఉన్న 'స్కెనెక్టడీ' అనే కొత్త చమురు ఓడ పెద్ద చప్పుడుతో దాదాపు రెండుగా విరిగింది. లిబర్టీ ఓడలలో కూడా అనేకం పగుళ్ళు పట్టాయి. పరిశోధించగా తెలిసినది ఇది: ఆ ఉక్కు చలికి పెళుసుబారేది. సరుకు దించే ద్వారాల మూలలు చదరంగా ఉండడం వల్ల ఒత్తిడి అక్కడ పేరుకునేది. అతుకులలో లోపాలున్న చోట పగులు మొదలయ్యేది. మేకులతో బిగించిన ఓడలో పగులు ఒక రేకు అంచు వరకు వచ్చి ఆగిపోతుంది. వెల్డింగు చేసిన ఓడ అంతా ఒకే రేకు వంటిది. పగులుకు ఆగే చోటు ఉండదు. రెండూ ఒకటి కావడమే వెల్డింగు బలం అని పైన చెప్పుకున్నాం. దాని ప్రమాదం కూడా అక్కడే ఉన్నది.

అందుకే మంచి ఉస్తాదు అతుకును చూసి మెచ్చుకోడు. విరిచి చూస్తాడు. ఐదో నెలలో ఉస్తాదు రెండు పలకలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ఒక్కవైపు మాత్రమే అతకమన్నాడు. నేత కార్మికుడు అతికాడు. వరుస పైన అలలు సమంగా, చీర అంచు నేసినట్లు వచ్చాయి. చుట్టూ చేరిన కుర్రవాళ్ళు బాగుందన్నారు. ఉస్తాదు దానిని చల్లారనిచ్చి, నిలువు పలక మీద సమ్మెటతో రెండు దెబ్బలు వేశాడు. అతుకు మధ్యకు విచ్చుకుంది. లోపల మూల పొడవునా నల్లటి గీత. లోహం రెండు అంచులనూ తడపకుండా పైపైన పరచుకుంది. మూలలో స్లాగు చిక్కుకుంది. చూడడానికి అందంగా ఉండాలని చెయ్యి తొందరగా జరిపాడు. కరెంటు కూడా తక్కువ పెట్టుకున్నాడు.

ఆ రోజు షెడ్డులో ఒక బడికి చేయవలసిన ఊయల స్టాండు సిద్ధంగా ఉంది. దాని అతుకులు ఇతని చేత వేయిద్దామని ఉస్తాదు అనుకున్నాడు. వేయించలేదు. తానే వేశాడు. ఎందుకని ఇతడు అడగలేదు. నల్లటి గీత ఉన్న ఆ ముక్కను ఇంటికి తీసుకుపోయి భార్యకు చూపించాడు. ఆమె దానిని తిప్పి చూసి, ఆరో నెల ఇంకా అయిపోలేదని మాత్రమే అన్నది. తరువాతి మూడు వారాలు అతడు పని ముగిసిన తరువాత తుక్కు ముక్కలను అతకడం, విరవడం, చూడడం - ఇదే చేశాడు. నల్లటి గీత సన్నబడింది. తరువాత తునకలు తునకలు అయింది. ఒకనాడు సమ్మెట దెబ్బలకు అతుకు విచ్చుకోలేదు. పక్కనున్న పలకే వంగింది.

ఆ తరువాత పని దొరకడం గురించి. సోలాపూరు జిల్లాలో చక్కెర కర్మాగారాలు చాలా ఉన్నాయి. చెరకు ఆడే కాలం ముగిసి వేసవి మొదలు కాగానే వాటిలో మరమ్మతులు మొదలవుతాయి. అరిగిన పళ్ళచక్రాలను, తుప్పుపట్టిన తొట్లను, గొట్టాలను బాగు చేయడానికి వెల్డర్లు కావాలి. చెరకును పిండే రోలర్ల పళ్ళు నున్నబడితే చెరకు జారిపోతుంది. అందుకని వాటి మీద గరుకుగా ఉండేటట్లు గట్టి లోహపు బొట్లు వెల్డింగుతో పెడతారు. బాయిలరు పని మాత్రం ఎవరు పడితే వారు చేయరాదు. అందుకు వేరే పరీక్ష నెగ్గిన పత్రం ఉండాలి. అటువంటి పై శిక్షణకు మన దేశంలో పేరున్న చోటు తమిళనాడులోని తిరుచిరాపల్లిలో 1975లో ఏర్పడిన వెల్డింగు పరిశోధన సంస్థ. షెడ్డులో నేర్చుకొన్నవారి పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని 2015లో మొదలైన కేంద్రప్రభుత్వ నైపుణ్య పథకంలో చేర్చారు. కాగితం లేని చేతిపనికి కాగితం తోడయితే కూలి అడగడానికి నోరు వస్తుంది.

ఏడో నెలలో ఆమె అడగనే అడిగింది. అప్పటికి అతడు ఉస్తాదుతో కలిసి ఒక చక్కెర కర్మాగారంలో రెండు నెలల మరమ్మతు పనికి ఒప్పుకొని ఉన్నాడు. మొదటి వారం కూలి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పొద్దుటి గంట మానేసింది. రాత్రి గంట ఇంకా మానలేదు. కింద పరచిన అతుకు, పక్క అతుకు అతనికి బాగా వచ్చాయి. నిలువు అతుకు వస్తున్నది. తలపై అతుకుకు మాత్రం మెడ పట్టేస్తుంది; కరిగిన లోహం చుక్క చుక్కగా తొడుగు మీద రాలుతుంది. ఉస్తాదు దాని కోసం షెడ్డు దూలానికి ఒక పలక వేలాడదీసి ఉంచాడు.

కొత్త పదాలు

నాడె - మగ్గంలో పేక నూలును అటూ ఇటూ చేరవేసే సాధనం. కండె - పేక నూలు చుట్టిన చిన్న కదురు. అచ్చు - మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగుల వరుస. చత్వారం - నడివయస్సులో దగ్గరిచూపు మందగించడం. ఎల్లదీయు - కష్టం మీద గడుపు. ఒడంబడిక - ఒప్పందం.

అభ్యాసం

1. టంకానికీ వెల్డింగుకూ భేదం ఏమిటి? అచ్చు అతకడంతో వెల్డింగును ఎందుకు పోల్చారు?
2. "పాత వృత్తి నేర్పిన మంచి అలవాటే కొత్త వృత్తిలో ప్రాణం తీయవచ్చు." ఏ సందర్భంలో చెప్పిన మాట ఇది?
3. ఉస్తాదు ఊయల స్టాండు అతుకులను తానే ఎందుకు వేశాడు? నేత కార్మికుడు కారణం ఎందుకు అడగలేదు?
4. నేతపనికి సంబంధించిన మాటలు మీ ఇంటి పెద్దలకు ఎన్ని తెలుసునో అడిగి రాయండి. వాటిలో మరాఠీ నుండి వచ్చినవి ఏవో గుర్తించండి.
5. మీ వాడలో వృత్తి మార్చుకొన్న ఒకరితో మాట్లాడి, వారి ఇంట్లో ఆ కాలంలో ఎవరెవరు ఏయే పనులు ఎక్కువగా చేయవలసి వచ్చిందో పది వాక్యాలలో రాయండి.